కొండ కడుపులోంచి లాహౌల్ దాకా

బొడ్డవర దాటాక కిరండోల్ బండి కొండెక్కడం మొదలెడుతుంది. మొదటి గుహలోకి ఇంజను దూరగానే పెట్టెలో చీకటి. ఆ చీకట్లో పిల్లలంతా ఒక్కసారిగా కేక. వెలుగు రాగానే నవ్వులు. మళ్లీ గుహ, మళ్లీ కేక. విశాఖ జిల్లాలో పుట్టినవాళ్లకి సొరంగం అనగానే ముందు గుర్తొచ్చేది ఇదే. కాగితం మీద సొరంగమని రాస్తాం గానీ మా నోట అది గుహే. కొత్తవలస–కిరండోల్ లైనులో అలాంటివి 58 ఉన్నాయని చిన్నప్పుడు వేళ్లు మడిచి లెక్కపెట్టినవాళ్లం, మధ్యలో లెక్క తప్పి మొదటికొచ్చినవాళ్లం చాలామందిమి.

హిమాచల్‌లో అటల్ సొరంగంలోకి మా టాక్సీ దూరినప్పుడు ఎవరూ కేకెయ్యలేదు. అక్కడ చీకటే లేదు. రెండు పక్కలా దీపాల వరుస, నున్నటి రోడ్డు, గుర్రపు నాడా ఆకారంలో తల మీద కప్పు. డ్రైవరు పక్క సీట్లో మా బాబాయి కూర్చున్నాడు. పాడేరు ఘాట్‌లో పాతికేళ్లు బస్సు నడిపి రిటైరైన మనిషి. మనాలి నుంచి బయల్దేరిన దగ్గర్నుంచి ప్రతి మలుపుకీ ఆయన కుడికాలు లేని బ్రేకు నొక్కుతూనే ఉంది. సొరంగంలోకి వచ్చాక ఆ కాలు కదల్లేదు. పది నిమిషాలు పైగా గడిచాక ఎదురుగా తెల్లటి వెలుగు పడింది. బయటికొచ్చాం. బాబాయి వెనక్కి తిరిగి నన్నడిగాడు: "ఏట్రా ఇది? మలుపేదిరా?"

మలుపు లేదు. ఆ ప్రయాణంలో నాకు దొరికిన కథ అదే.

చోడవరం నుంచి అక్కడిదాకా

మా ఊరు నిన్నటిదాకా విశాఖపట్నం జిల్లా, 2022 ఏప్రిల్ నుంచి అనకాపల్లి జిల్లా. స్వయంభూ విఘ్నేశ్వరుడికి కొబ్బరికాయ కొట్టి బయల్దేరడం మా ఇళ్లలో ఆచారం. రైల్లో ఢిల్లీ, అక్కడి నుంచి రాత్రి బస్సులో మనాలి. మండి దాటాక ఔట్ దగ్గర సుమారు మూడు కిలోమీటర్ల సొరంగం ఒకటి వస్తుంది. చాలామంది అదే అటల్ సొరంగమనుకుని ఫొటోలు తీసేసుకుంటారు. అసలుది ఇంకా చాలా దూరం.

కులూ లోయంతా బియాస్ నది పక్కనే నడుస్తుంది. మన పురాణాల్లో దీని పేరు విపాశ. కొడుకుల్ని పోగొట్టుకున్న వశిష్ఠుడు ఒంటికి తాళ్లు కట్టుకుని ఇందులో దూకితే నది ఆ కట్లు విప్పి ఆయన్ని ఒడ్డున వదిలిందని కథ. మనాలికి ఎదురుగా కొండ మీద వశిష్ఠ్ అనే ఊరుంది, అక్కడ వేడినీటి ఊటలున్నాయి. కథలో అంత దయగల నదే 2023 జులై వరదలో రోడ్డును ముక్కలు ముక్కలుగా కోసేసింది.

ఇంకో సంగతి మనవాళ్లకి చెప్పాలి. మనాలి పైన గోశాల్, పల్చాన్, కోఠి, సోలాంగ్ లాంటి తొమ్మిది ఊళ్లున్నాయి. మనం భోగి మంటలు వేసి, మర్నాడు పెద్దలకు బట్టలు పెట్టుకుని, కోడి పందేలూ తీర్థాలూ అంటూ హడావిడి పడే ఆ మకర సంక్రాంతి రోజునే ఆ ఊళ్లలో మౌనం మొదలవుతుంది. 42 రోజులు గట్టిగా మాట్లాడరు, టీవీ పెట్టరు, పొలంలో పార దించరు. ఊరి దేవతలు స్వర్గానికి వెళ్లారనీ, వాళ్ల తపస్సుకు భంగం కలగకూడదనీ నమ్మకం. ఆ దేవతల్లో ఒకరు గౌతమ ఋషి. మన గోదావరిని గౌతమి చేసిన గౌతముడే అక్కడ మంచులో ఊళ్లకు ఊళ్లనే నిశ్శబ్దంగా ఉంచుతున్నాడు.

శవాల మైదానం

మనాలికి ఉత్తరాన పీర్ పంజాల్ కొండల వరుస గోడలా నిలబడి ఉంటుంది. ఆ గోడకి ఇవతల కులూ, అవతల లాహౌల్. దాటడానికి ఉన్న దారి రోహ్‌తాంగ్ కనుమ, 3,978 మీటర్ల ఎత్తు. ఆ పేరుకు అక్కడి భాషలో శవాల మైదానమని అర్థం చెబుతారు. మంచు తుపాన్లలో చిక్కుకుని తిరిగిరానివాళ్లు ఎందరో ఉంటేగాని అలాంటి పేరు పడదు. నవంబరులో మంచు మూసేస్తే మళ్లీ మే నెల దాకా ఆ కనుమ తెరుచుకునేది కాదు. ఏడాదిలో సగం.

లాహౌల్ స్పితి జిల్లా వైశాల్యం 13,841 చదరపు కిలోమీటర్లు. 2011 జనాభా లెక్కల్లో అక్కడి మనుషులు 31,564 మంది. మా చోడవరం మండలం ఒక్కదానిలో అంతకంటే ఎక్కువమంది ఉన్నాం. ఓట్ల లెక్కలో చిన్న జిల్లా, కష్టాల లెక్కలో కాదు.

మా టాక్సీ నడిపిన యువకుడిది లాహౌలే. దారిలో కనబడిన ప్రతివాళ్లకీ "జూలే" అని నమస్కారం పెడుతున్నాడు. సొరంగం రాకముందు చలికాలం ఎలా గడిచేదని అడిగాను. హిందీలో చెప్పుకొచ్చాడు, నింపాదిగా. అక్టోబరులోపే పిండి, కిరసనాయిలు, మందులు, కట్టెలు ఇంట్లో నింపుకోవాలి. ఆ తర్వాత ఏం కావాలన్నా హెలికాప్టరే. అది వాతావరణం బాగుంటే వస్తుంది, లేకుంటే లేదు. చోటు కోసం పేర్లు రాయించుకుని రోజుల తరబడి ఎదురుచూడాలి. నవంబరు, డిసెంబరుల్లో కొందరు సాహసించి మంచులో నడిచి కనుమ దాటేవారు, వాళ్లకోసం ఇవతల మఢీలో, అవతల కొక్సర్‌లో సహాయ బృందాలుండేవి. "కడుపుతో ఉన్నవాళ్లని మంచు పడకముందే కులూ పంపేసేవాళ్లం సార్. వాళ్లు అక్కడ పురుడు పోసుకునేవాళ్లు, ఇక్కడ ఇంట్లోవాళ్లకి ఎప్పటికో తెలిసేది" అన్నాడు.

వెనక సీట్లో నాకు ఒక్కసారి సాలూరు గుర్తొచ్చింది. దాని సంగతి తర్వాత చెబుతాను.

ఎలా తవ్వారు

ఈ సొరంగం వెనక ఒక స్నేహం ఉంది. లాహౌల్‌లోని ఠోలాంగ్ గ్రామానికి చెందిన టషీ దవా, అటల్ బిహారీ వాజపేయికి యవ్వనం నాటి స్నేహితుడు. వాజపేయి ప్రధాని అయ్యాక 1998లో ఆ పెద్దమనిషి ఢిల్లీ వెళ్లి స్నేహితుణ్ణి కలిసి, తనకోసం ఏదీ అడక్కుండా తన లోయకి దారి అడిగాడు. 2000 జూన్‌లో సొరంగం నిర్ణయం ప్రకటించారు. 2002 మే 26న దక్షిణ ముఖద్వారం దాకా వెళ్లే రోడ్డుకు వాజపేయి శంకుస్థాపన చేశారు. అసలు సొరంగానికి 2010 జూన్ 28న సోనియా గాంధీ శంకుస్థాపన చేస్తే, 2020 అక్టోబరు 3న నరేంద్ర మోదీ ప్రారంభించారు. అడిగినవాడూ లేడు, మాటిచ్చినవాడూ లేడు అప్పటికి. మూడు ప్రభుత్వాల చేతులు పడి పూర్తయిన పని ఇది. కొండల్లో పనులు ఇలాగే పూర్తవ్వాలని నా నమ్మకం, ఎవరి కాలంలో మొదలైందన్న పేచీ లేకుండా.

పొడవు 9.02 కిలోమీటర్లు. పది వేల అడుగుల ఎత్తున, కొన్నిచోట్ల తల మీద దాదాపు రెండు కిలోమీటర్ల మందాన కొండ ఉండగా తవ్వారు. రాతిలో వరుసగా రంధ్రాలు వేసి మందు కూరి పేల్చడం, పేలిన రాయి ఎత్తిపోయడం, వెంటనే గోడలకి కాంక్రీటు చిమ్మి, ఉక్కు కమానులు నిలబెట్టి, పొడుగాటి ఇనుప బోల్టులు రాతిలోకి దించి కొండను కొండకే కట్టెయ్యడం, ఆ తర్వాత మరో రెండడుగులు ముందుకెళ్లడం. సరిహద్దు రహదారుల సంస్థ ఆధ్వర్యంలో ఆస్ట్రియాకు చెందిన స్ట్రాబాగ్, మన దేశపు ఆఫ్‌కాన్స్ కలిసి చేసిన పని. రెండు వైపుల నుంచీ తవ్వాలి గానీ ఉత్తరం వైపు చేరాలంటే దాటాల్సింది ఆ రోహ్‌తాంగ్ కనుమే. అది మూతపడితే అటు పని ఆగిపోయేది. ఏ కష్టం తీర్చడానికి సొరంగం తవ్వుతున్నారో ఆ కష్టమే వాళ్ల కాళ్లకూ అడ్డం పడింది.

అన్నిటికంటే గడ్డు చోటు సేరీ నాలా. పైన పారే వాగు నీళ్లు పగుళ్లలోంచి సొరంగంలోకి ముంచుకొచ్చాయి. అక్కడి రాయి రాయిలా లేదు, తడిసిన పిండిలా జారిపోయింది. తవ్విన చోటే కూలేది, మళ్లీ కట్టేవారు, మళ్లీ తవ్వేవారు. ఆ 587 మీటర్ల ముక్క దాటడానికి ఏళ్లు పట్టింది. 2017 అక్టోబరు 15న రెండు వైపుల తవ్వకాలూ లోపల కలిశాయి.

ఇప్పుడు లోపల ప్రతి 150 మీటర్లకో టెలిఫోను, ప్రతి 60 మీటర్లకో మంటలార్పే ఏర్పాటు, ప్రతి కిలోమీటరుకీ గాలి నాణ్యత కొలిచే యంత్రం ఉన్నాయి. నాకు అన్నిటికంటే నచ్చింది కంటికి కనబడనిది. మనం వెళ్లే రోడ్డు కిందే ఇంకో చిన్న సొరంగం ఉంది, 3.6 మీటర్ల వెడల్పు, 2.25 మీటర్ల ఎత్తు. పైన ప్రమాదం జరిగితే మనుషులు దాంట్లోకి దిగి బయటికి నడిచి వెళ్లిపోవచ్చు. ఎప్పుడో రావచ్చునేమో అన్న ఆపద కోసం తొమ్మిది కిలోమీటర్ల పొడవునా దారి దాచిపెట్టారు. అదీ ముందుచూపంటే.

ఆ ముందుచూపు అన్నిచోట్లా ఉంటే ఎంత బాగుండేది! 2023 నవంబరులో ఉత్తరాఖండ్ సిల్క్యారా సొరంగం కూలి 41 మంది కూలీలు 17 రోజులు లోపల ఉండిపోయారు. అందరూ బతికి బయటపడ్డారు, అదీ చివరికి చేతులతో తవ్విన మనుషుల వల్ల. 2025 ఫిబ్రవరి 22న శ్రీశైలం ఎడమగట్టు సొరంగం దోమలపెంట దగ్గర కూలినప్పుడు లోపల చిక్కుకున్న ఎనిమిది మందీ దక్కలేదు. ఏ సొరంగం గుండా వెళ్తున్నా దాన్ని తవ్వినవాళ్లని ఒక్కసారి తలుచుకోవాలి. వాళ్ల పేర్లు ముఖద్వారం మీద రాయరు.

అవతలి ఒడ్డు

సొరంగానికి దక్షిణాన దేవదారు అడవి, పచ్చిక, మబ్బు, చినుకు. ఉత్తరాన బయటపడేసరికి లోకమే మారిపోయింది. నిలువెత్తు బోడి కొండలు, నల్లటి రాతి మీద తెల్లటి మంచుచారలు, గాజులాంటి ఆకాశం. వానమబ్బులన్నీ పీర్ పంజాల్‌కి గుద్దుకుని ఇవతలే కురిసిపోతాయి. అవతలకి దాటేది తక్కువ. కనబడే పచ్చదనం చాలావరకు మనిషి పెంచిందే. మంచు కరిగిన నీళ్లను సన్నటి కాలవలు తీసి మడికి మళ్లించి బంగాళాదుంప, బఠాణీ, కాలీఫ్లవర్ పండిస్తారు. లాహౌల్ విత్తన బంగాళాదుంపకి మంచి పేరుంది.

సిస్సు అనే ఊళ్లో ఒక పొలం గట్టు మీద ఆగాం. కాలీఫ్లవర్ బుట్టలు లారీకెక్కిస్తున్నారు. చెరకు పండించే ఊరినుంచి వచ్చినవాణ్ణి కదా, ఆ బుట్టలు చూస్తే నాకొక్కటే తోచింది. నరికిన చెరకు ఫ్యాక్టరీ ముందు ఒకరోజు ఎండితే ఎంత తూకం పోతుందో మా రైతుకి తెలుసు. కోసిన కాలీఫ్లవర్ రోహ్‌తాంగ్ మీద కొండచరియ పడి రెండు రోజులు ఆగితే ఏమయ్యేదో వీళ్లకి తెలుసు. మనాలి–లేహ్ దారి 46 కిలోమీటర్లు తగ్గిందని, నాలుగైదు గంటలు కలిసొచ్చాయని పత్రికల్లో రాశారు. ఆ గంటల విలువ సైన్యానికి ఎంతో, ఈ బుట్టలకూ అంతే.

సిస్సు ఎదురుగా కొండ మీంచి దూకే జలపాతం, కింద చంద్రా నది. ఇంకాస్త ముందుకెళ్తే తాండీ దగ్గర చంద్రతో భాగ కలుస్తుంది. రెండూ బారాలాచా కనుమ దగ్గరే పుట్టి, చెరోవైపు వెళ్లి, కొండల్ని చుట్టి ఇక్కడ కలుస్తాయి. చంద్రుడి కూతురు, సూర్యుడి కొడుకు ప్రేమించుకున్న కథ చెబుతారు. కలిశాక చంద్రభాగ, కశ్మీరు చేరేసరికి చీనాబ్. 2025 జూన్ 6న ప్రారంభమైన చీనాబ్ రైలు వంతెన, నదికి 359 మీటర్ల ఎత్తున నిలబడ్డది, ఈ నీళ్ల మీదే. ఆ వంతెన పునాదులున్న కొండవాలు జారకుండా పదిహేడేళ్లు పనిచేసిన ఆచార్య గాలి మాధవీలత మన ప్రకాశం జిల్లా ఆడపడుచు. కశ్మీరు–లద్దాఖ్ మధ్య జోజిలా కనుమ కింద తవ్వుతున్న పదమూడు కిలోమీటర్ల సొరంగం పని హైదరాబాదుకు చెందిన మేఘా సంస్థది. హిమాలయాల్ని తొలిచే పనిలో తెలుగు చేయి పడిందని చెప్పుకోవడానికి నాకు గర్వంగానే ఉంది.

అయితే లాహౌల్‌కి దారితోపాటు బరువూ వచ్చింది. రోజుకి మూడు వేల కార్లు, పదిహేను వందల లారీలు వెళ్లేలా కట్టిన సొరంగం ఇది. పండగ సెలవుల్లో ఆ లెక్క దాటిపోతోంది. సిస్సు ఏటి గట్టు మీద చిప్స్ కవర్లు, నీళ్ల సీసాలు చూశాను. వాటిలో తెలుగు అక్షరాలున్న కవరొకటి కనబడితే బాబాయి వంగి తీసి జేబులో పెట్టుకున్నాడు. ఏమీ అనలేదు.

మా కొండలు

ఇప్పుడు సాలూరు సంగతి. పార్వతీపురం ఏజెన్సీలో కొండ మీది ఊళ్లకు అంబులెన్సు వెళ్లలేదు కాబట్టి, నెలలు నిండకముందే గర్భిణుల్ని దించి సాలూరులో వసతి గృహంలో ఉంచే పద్ధతి పెట్టారు. మంచి పని. ఎందరో తల్లుల్ని కాపాడింది. కానీ లాహౌల్ కుర్రాడు చెప్పిన పాతకాలపు మాటకీ, మన దగ్గర నేడు నడుస్తున్న పద్ధతికీ తేడా ఏముంది? అక్కడ మంచు, ఇక్కడ లేని రోడ్డు. అక్కడి మాట గతమైపోయింది.

మా డాబా ఎక్కితే తెల్లవారుజామున మాడుగుల కొండలు నీలంగా కనబడతాయి. వాటి వెనకే పాడేరు, జి.మాడుగుల, చింతపల్లి. బాబాయి నడిపిన బస్సు ఆ ఘాట్ ఎక్కేటప్పుడు మోదకొండమ్మ పాదాల దగ్గర ఒక్క క్షణం ఆగి దణ్ణం పెట్టుకుని కదిలేది. ఒక వానాకాలం సాయంత్రం మలుపులో డోలీ ఎదురైందట. బొంగుకి దుప్పటి కట్టి, అందులో పురిటి నొప్పులు పడుతున్న పిల్లని నలుగురు మార్చిమార్చి మోసుకొస్తున్నారు. అప్పటికే గెడ్డలు దాటి మూడు గంటలు నడిచారు. స్టాపు కాకపోయినా బస్సాపి, వెనక సీటు ఖాళీ చేయించి ఎక్కించుకున్నాడు. "ఆ పిల్ల చెయ్యి మీ పిన్ని చెయ్యంత కూడా లేదురా, ఎంత గట్టిగా పట్టుకుందో కమ్మీని" అన్నాడు సిస్సులో టీ తాగుతూ. ఎప్పుడూ చెప్పని సంగతి అక్కడ ఎందుకు చెప్పాడో నేను అడగలేదు.

మా కొండల్లోనూ సొరంగాలు తవ్వారని మొదట్లో చెప్పాను. ఆ 58 గుహలూ 1960లలో తవ్వినవి, బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ ఓడరేవుకు దించి జపాను పంపడం కోసం. శిమిలిగుడ స్టేషను 996 మీటర్ల ఎత్తున ఉండి, చాలా ఏళ్లు దేశంలోకెల్లా ఎత్తైన బ్రాడ్‌గేజ్ స్టేషనుగా పేరు మోసింది. ఖనిజం కోసం వేసిన లైను మీదే ఒక ప్యాసింజరు బండి నడిపితే, అదే ఆ గిరిజన గ్రామాలకి సంతకీ ఆసుపత్రికీ ఆధారమైంది. అప్పటి యంత్రాలతో ఆ కొండల్ని తొలిచినవాళ్లం ఇప్పుడు మూడు నాలుగు కిలోమీటర్ల తారు రోడ్డు వెయ్యలేకపోవడానికి కొండ కారణం కాదు. మా వైపు తూర్పు కనుమల్లో ఎంత ఎత్తైన శిఖరమైనా 1,700 మీటర్లు దాటదు. మంచు లేదు. సేరీ నాలా లాంటి చోటు తవ్వాల్సిన పని లేదు. 2025 ఏప్రిల్‌లో డుంబ్రిగుడ మండలం పెదపాడు దగ్గర ‘అడవితల్లి బాట’ పేరుతో రోడ్లకు శంకుస్థాపన జరిగింది. ఆ పనులు ఆగకూడదు. ఊరికి నలభై గడపలే ఉన్నాయి కదా అని ఎవరూ లెక్కలు వెయ్యకూడదు. 31 వేలమంది ఉన్న జిల్లాకి తొమ్మిది కిలోమీటర్ల సొరంగం దండగ అని దేశం అనుకోలేదు.

మీరూ వెళ్లండి మనాలికి. మే నుంచి అక్టోబరు మధ్య ఎప్పుడైనా. మనం సముద్రం పక్కన పుట్టినవాళ్లం, పది వేల అడుగుల ఎత్తున తలనొప్పి రావచ్చు, మనాలిలో ఒకరోజు ఆగి వెళ్లండి. సొరంగంలో బండి ఆపడం, ఫొటోలకు దిగడం నేరం, కేసులు పెడుతున్నారు. వీలైతే ఒకవైపు సొరంగంలోంచి, ఒకవైపు పాత రోహ్‌తాంగ్ దారిలో రండి. దానికి ముందే పర్మిట్ తీసుకోవాలి, రోజుకు 1,200 బళ్లనే పంపుతారు. ఆ మలుపులు చూస్తేగాని సొరంగం విలువ తెలియదు. సిస్సులో ఎవరింట్లోనో ఒక రాత్రి ఉండి వాళ్ల రొట్టె, వాళ్ల బఠాణీ కూర తినండి. తెచ్చుకున్న ప్లాస్టిక్ వెనక్కి పట్టుకొచ్చెయ్యండి.

తిరిగొచ్చాక ఒక ఆదివారం చోడవరం, మాడుగుల మీదుగా పాడేరు ఘాట్ ఎక్కండి. మలుపులో డోలీ ఎదురైతే బండి ఆపి, వాళ్లని ఆసుపత్రి దాకా తీసుకెళ్లండి. ఆ ఊరి పేరు అడిగి రాసుకోండి, కలెక్టరుకి అర్జీ పెట్టండి. రోడ్డు పడేదాకా పెడుతూనే ఉండండి.